నవ్వినవారి అర

చారిత్రక నవల చేతికి వస్తే నేను ఇప్పటికీ ముందు చివరి ప్రకరణమే చదువుతాను. కథానాయిక బ్రతికి ఉన్నదా లేదా అన్నది తెలుసుకున్న తరువాతనే మొదటి పుటకు వస్తాను. గత నెలలో చదివిన రెండు నవలలనూ అలాగే చదివాను. పాఠాలు చెప్పే మనిషికి ఇది తగిన పని కాదని నా తోటి అధ్యాపకులు అంటారు. వారి మాటను నేను కాదనను. కానీ ఈ అలవాటు నాకు అభిరుచి వల్ల అబ్బినది కాదు. మా వదిన మంచం పక్కన, వెనుకటి కాలపు మధ్యాహ్నాలలో, ఒక అవసరం కొద్దీ నేర్చుకున్నది.

నేను పోలీసు చర్య తరువాత పుట్టినదాన్ని. మా నాన్న ఉర్దూలో చదువుకున్నాడు, నేను కన్నడంలో చదువుకున్నాను, ఇంట్లో అందరం తెలుగు మాట్లాడుకున్నాము. తెలుగు అక్షరాలు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. బీదరు గాంధీ గంజ్‌లోని మా కందిపప్పు దుకాణంలో, గిరాకీ లేని వేళల్లో, నాన్న గచ్చు మీద పప్పు పొట్టు పరిచి అందులో నా వేలు పట్టుకుని దిద్దించాడు. అందుకే నా తెలుగు చదువు చాలాకాలం నెమ్మదిగా సాగేది. ఒత్తులున్న మాట ఎదురైతే ఆగి, ఊపిరి తీసుకుని దాటేదాన్ని.

బి.ఏ. పాసైన ఏడాది నాకు చేయడానికి ఏమీ లేదు. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. ఆ పట్టాతో ఏమి చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. బంధువులు వస్తే అమ్మ దానిని ట్రంకుపెట్టెలోంచి తీసి చూపించి, మళ్ళీ చీరల మధ్య పెట్టేది. ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టి ఎదురుచూస్తూ ఉన్న ఆ రోజుల్లోనే వదినకు మూడవసారి నెల తప్పింది.

మా అన్న భార్య జహీరాబాదు వైపు పల్లెటూరి పిల్ల. నాకన్నా కొద్దిగానే పెద్దది. అంతకు ముందు రెండుసార్లు గర్భం నిలవలేదు. రెండవసారి అయిదవ నెల దాటిన తరువాత పోయింది. ఈసారి ఊళ్ళోని డాక్టరమ్మ మొదట్లోనే గట్టిగా చెప్పింది: కాన్పు దాకా మంచం దిగకూడదు, బరువు ఎత్తకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు. అన్న మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. అప్పటి నుంచి వదిన తల పల్లంగా, పాదాలు మెరకగా, వాలు మీద పడుకుని ఉండేది. గది మొత్తం తనకు జారుతున్నట్టు కనిపిస్తున్నదని అనేది.

పొలం పనుల్లో పెరిగిన మనిషిని కదలకుండా పడుకోబెట్టడం ఎంత కష్టమో మొదటి వారంలోనే తెలిసింది. ఎవరూ లేనప్పుడు లేచి బట్టలు మడిచేది, వంటింటి గుమ్మం దాకా వచ్చేది. అమ్మ చూసి గుండె పట్టుకునేది. చివరికి వదినే ఉపాయం చెప్పింది.

“ఓ పిల్లా, నువ్వు బీయే గదా. ఏమన్న చదివి ఇనిపియ్యరాదు. కథ నడుస్తుంటే నేను లెవ్వ.”

అమ్మ ఒప్పుకున్నది, కానీ ఒక కట్టడి పెట్టింది. గర్భిణి చెవిన చావు మాట పడకూడదన్నది మా ఇంటి ఆచారం. ఎవరింట్లోనైనా పోయారని కబురు వస్తే పెరటి వైపు తీసుకుపోయి చెప్పేవారు. ఆ ఆచారాన్ని అమ్మ పుస్తకాలకు కూడా వర్తింపజేసింది.

“చావు ఉన్న కథ చదవొద్దు బిడ్డా. ఆమె ఇంటే కడుపుల బిడ్డ ఇంటది. లగ్గమయ్యేటిది చూసి తే.”

కథ చివర పెళ్ళి అవుతుందో చావు వస్తుందో తెలియాలంటే చివర చదవాలి. ఆ విధంగా నేను వెనుక నుంచి చదవడం మొదలుపెట్టాను.

పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం పాత మదరసాకు పోయే దారిలో ఉండేది. పొడవైన ఇరుకు గది. దాని యజమానిని ఊరంతా చాచా అనే పిలిచేది. పోలీసు చర్యకు ముందు ఆ గది గోడలన్నీ ఉర్దూ నవలలేనట. సాయంత్రాలు నిలబడటానికి చోటుండేది కాదట. తరువాత చదివేవాళ్ళలో కొందరు ఊరు విడిచారు, కొందరు చదవడం విడిచారు. సర్కారు కచేరీలు కన్నడంలోకి మారడంతో కన్నడ పుస్తకాలు వచ్చాయి. గంజ్‌లోని తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళ కోసం ఆయన హైదరాబాదు నుంచి, అట్ట మీది బొమ్మలు చూసి, తెలుగు నవలలు తెప్పించేవాడు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు.

చదవలేని పుస్తకాలను ఎలా సర్దాలి? ఆయన తనదైన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. అది నేను మొదటిసారి వెళ్ళి, మంచిగా ముగిసే కథ కావాలని అడిగిన రోజున తెలిసింది.

“కితాబు వాపస్ ఇయ్యడానికి వస్తరు గదా బిడ్డా, అప్పుడు మొహం చూస్త. ఏడ్చినవా, నవ్వినవా, గంతే అడుగుత. నవ్వినోళ్ళ కితాబులు ఈ అరల, ఏడ్చినోళ్ళయి ఆ అరల.”

“ఏడ్వలే, నవ్వలే అంటే?”

“గవి బల్ల మీద పెడ్త. ఎవ్వలు తీస్కపోరు.”

ఆ రోజు నవ్వినవారి అర నుంచి ఒక నవల తెచ్చాను. చివరి ప్రకరణం దుకాణం మెట్ల మీదనే నిలబడి చదివాను. పెళ్ళి జరిగింది, వర్షం కురిసింది, ప్రజలు హర్షధ్వానాలు చేశారు. పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను.

అలా మా మధ్యాహ్నాలు మొదలయ్యాయి. మగవాళ్ళు దుకాణానికి పోయిన తరువాత, గిన్నెలు కడిగిన తరువాత, ఇల్లు చల్లబడేది. వదిన గదిలో పైన ఒక చిన్న గవాక్షం ఉండేది. దానిలోంచి ఎండ ఏటవాలుగా దిగి, మంచం మీది దుప్పటిపై చేరి, ఒక గంటలో గోడకు ఎగబాకి మాయమయ్యేది. గంజ్ నుంచి వచ్చే కంది పొట్టు ధూళి ఆ వెలుగులో తేలుతూ ఉండేది. నేను రాణివాసం గురించి చదువుతున్నప్పుడు అది బంగారు రజను. యుద్ధం గురించి చదువుతున్నప్పుడు అది గుర్రాలు రేపిన దుమ్ము. దూరంగా లారీ బయలుదేరే చప్పుడు వినిపిస్తే వదిన కళ్ళు మూసుకునే “సైన్యం కదిలింది” అనేది. అమ్మ గడప మీద చేటతో కూర్చుని, పప్పులో రాళ్ళు ఏరుతూ, విననట్టు వినేది.

చారిత్రక నవలల మీద నా అభిప్రాయాలు ఆ గదిలో ఏర్పడ్డవే. వాటిలో ప్రతి రాత్రీ వెన్నెల ఉంటుంది. కృష్ణ పక్షం ఏ రాజ్యంలోనూ రాదు. కథానాయిక స్తంభానికి ఆనుకోకుండా విచారపడదు. గుర్రాలు పగలంతా పరుగెత్తి, ఏటి ఒడ్డున నీళ్ళు కూడా తాగక, మళ్ళీ పరుగెత్తుతాయి. ఇవన్నీ ఒంటరిగా చదివినప్పుడు నన్ను చిరాకు పరచినవే. కానీ గట్టిగా చదువుతూ, ఆ మాటల మీదుగా మరొకరి ఊపిరి నిదానించడం చూస్తూ ఉంటే, వాటి పట్ల నాకు కృతజ్ఞత కలిగింది. పొడవాటి వర్ణనలు ఎందుకు ఉంటాయో అప్పుడు అర్థమయింది. కోట వర్ణన మొదలవగానే వదిన భుజాలు సడలేవి. తోట వర్ణన సగంలోకి వచ్చేసరికి ఆమె చేయి పొట్ట మీది నుంచి జారి పక్కకు వాలేది. ఉపయోగం లేదని నేను అనుకున్న వాక్యాలే ఆమెను మంచం మీద ఉంచాయి.

ఒక నవలలో మా బీదరే వచ్చింది. తెలుగు చారిత్రక నవలల్లో మా ఊరు తరచుగా శత్రువుల ఊరు. కథానాయికను ఎత్తుకుపోయి మా కోటలోనే దాస్తారు. ఆమె ప్రియుడు అత్తరు అమ్మేవాని వేషంలో మా కోట తలుపు దగ్గరకే వస్తాడు. వదిన ఆ ప్రకరణం అంతా ముసిముసిగా నవ్వుతూ విన్నది.

“మా దిక్కు పిల్లలను ఎత్కొచ్చి దాసేటిది మీ ఊరే గదా. నన్ను గట్లనే తెచ్చిన్రు.”

“నిన్ను బస్సుల తెచ్చినం వదినె.”

“బస్సైతేంది. తెచ్చిన్రా లేదా?”

గడప మీది నుంచి అమ్మ, తల ఎత్తకుండానే, “మీ నాయన బస్సు టికీటు కూడ మాతోనే తీయించిండు” అన్నది.

ఆ నవలలో మా కోట గోడలు నల్లగా ఉన్నాయి. వాటిని కట్టిన రాయి ఎర్రదని బీదరులో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. రచయిత మా ఊరికి రాలేదని నాకు అప్పుడే తెలిసిపోయింది, నొచ్చుకోవాలనీ అనుకున్నాను. కానీ తరువాత కోట వైపు పోయినప్పుడల్లా నా కళ్ళు ఆ తలుపు దగ్గర అత్తరు అమ్మేవాణ్ణి వెతికేవి. రచయితకు తెలియని గోడను నాకు తెలిసిన గోడ మీద అతను అంటించిపోయాడు. సాయంకాలపు నీడలో అది కొంచెం నల్లగానే కనిపించేది.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు చాచా అడిగాడు.

“మన ఊరు ఉన్నదట గదా అందుల. బాగ రాసిండా?”

“గోడలు నల్లగున్నయని రాసిండు చాచా.”

“జూట్, అంత అబద్ధం” అని, కొంచెం ఆలోచించి, “నవ్వినవా?” అన్నాడు. నవ్వామని చెప్పాను.

రాజుల మీద విసుగు పుట్టినప్పుడు వేరే పుస్తకాలు చదివేవాళ్ళం. గోదావరి తీరపు కుటుంబం గురించిన ఒక నవలలో ప్రతి పుటలోనూ ఎవరో ఒకరు కాఫీ తాగుతూ ఉండేవారు. వదిన ఒక్కొక్కసారీ “మల్ల కలిపిన్రా” అని అడిగేది. ఒకసారి వ్యవసాయ శాఖ వారు గంజ్‌లో పంచిన, కంది పైరు చీడపీడల గురించిన చిన్న పుస్తకాన్ని అన్న తెచ్చాడు. అది వదినకు ఎంతో నచ్చింది. తన పుట్టింటి చేను కళ్ళకు కట్టిందేమో, నిశ్శబ్దంగా విన్నది.

“ఇది మంచిగున్నది. ఇందుల ఎవ్వలు చావరు” అన్నది.

“పురుగులు చస్తయి గదా” అన్నాను, అనాలోచితంగా.

గడప మీద చేట ఆగింది. అమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి, “పురుగులకు పర్వాలేదు, చదువు” అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

నెలలు గడిచాయి. వదిన పొట్ట దుప్పటి కింద గుండ్రంగా లేచింది. అయిదవ నెల దాటిన రోజున ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అందరూ ఆ రోజు నెమ్మదిగా నడిచారు.

ఆ దినాలలోనే నేను ఒక పొరపాటు నిర్ణయం తీసుకున్నాను. అన్ని కథల ముగింపులూ ముందే తెలిసి ఉండటం నాకు విసుగు పుట్టించింది. వదిన ఉలిక్కిపడే చోట నేను ఉలిక్కిపడలేకపోతున్నాను. ఆమె “అయ్యో, పోయిందా” అన్నప్పుడు నా గొంతు ప్రశాంతంగా ఉంటున్నది. ఒక్క కథనైనా ఆమెతో పాటు, ఏమి జరగబోతుందో తెలియకుండా వినాలని నాకు కోరిక పుట్టింది. నవ్వినవారి అర నన్ను అప్పటిదాకా ఒక్కసారీ మోసం చేయలేదు. అందుచేత ఆ అర నుంచే ఒక లావాటి నవల తీసుకుని, చివరి పుటలు తెరవకుండా ఇంటికి తెచ్చాను.

కృష్ణా తీరంలో ఒక చిన్న కోట. ఆ కోట నాయకుని కూతురు. గుర్రాలు అమ్మడానికి వచ్చి, ఆమె కోసం అక్కడే ఉండిపోయిన ఒక యువకుడు. ఇంతే కథ. కానీ దానిని వ్రాసిన మనిషికి గుర్రాలు తెలుసు; అవి నీళ్ళు తాగేవి, కుంటేవి, వాటికి మాలిష్ చేసేవారు. ఆ అమ్మాయి స్తంభానికి ఆనుకోలేదు. గుర్రం డెక్కలో ఇరుక్కున్న రాయిని తీయడం నేర్చుకున్నది. వదిన ఆ పిల్లను తన చెల్లెలిలాగా చేసుకున్నది. సాయంత్రాలు అన్నం తింటూ కూడా ఆమె గురించే మాట్లాడేది. “ఆ పిల్లకు ధైర్యం శాన” అని అన్నతో చెప్పేది. ఎవరో తెలియక అన్న తల ఊపేవాడు.

చివరి ప్రకరణానికి వచ్చిన మధ్యాహ్నం అమ్మ ఇంట్లో లేదు. కారం పట్టించడానికి గిర్నీకి పోయింది. నేను చదువుతున్నాను. శత్రువులు ఏటి అవతల దిగారు. గాయపడిన యువకుణ్ణి వెనుక దారి నుంచి దాటించాలి. ఆ అమ్మాయి అతని అంగరఖా వేసుకున్నది, అతని తలపాగా చుట్టుకున్నది, అతని గుర్రం ఎక్కింది. వాళ్ళ చూపు తన వైపు తిప్పుకోవడానికి ముందు ద్వారం తెరిపించుకుని బయటికి వచ్చింది.

పుట కింది భాగం వైపు నా కళ్ళు గొంతు కన్నా ముందుగా పోయాయి. బాణం ఆమెకు తగిలింది. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

నా గొంతు ఆగలేదు. గుర్రానికి బాణం తగిలిందన్నాను. గుర్రం ఏటిలో పడిందన్నాను. ఏటి ప్రవాహం ఆమెను దిగువకు తీసుకుపోయిందనీ, పడవ నడిపే ముసలివాడొకడు చూశాడనీ, తన గుడిసెకు చేర్చాడనీ, ఆమె కళ్ళు తెరిచిందనీ చెప్పుకుంటూ పోయాను. చూపు మాత్రం ఆ పుట మీదనే ఉన్నది. గుడిసెకు తాటాకుల కప్పు వేశాను. పొయ్యి మీద గంజి పెట్టాను. కిటికీలో వెన్నెల కూడా పెట్టాను.

“పిల్లా” అన్నది వదిన.

“ఆఁ.”

“ఈ పేజీ శాన పెద్దగున్నది.”

నేను తల ఎత్తలేదు. మంచం వాలు మీద నుంచి, తల వెనక్కి వాల్చి, ఆమె నన్ను చూస్తున్నదని తెలుస్తూనే ఉన్నది.

“ఇంతసేపాయె, నువ్వు తిప్పుతలేవు. సచ్చిపోయిందా ఆ పిల్ల?”

“అమ్మ చదవొద్దన్నది వదినె.”

“అత్తమ్మ సంగతి కాదు. నిన్ను అడుగుతున్న.”

గవాక్షపు వెలుగు అప్పటికే దుప్పటి దాటి గోడ మీదికి పోయింది. వదిన పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని, పైకప్పు వైపు చూస్తూ, నెమ్మదిగా చెప్పింది.

“పోయినసారి గూడ అందరు గిట్లనే చెప్పిన్రు. ఏం గాదు, ఏం గాదు అన్నరు. నొప్పులొస్తాంటే గూడ ఏం గాదన్నరు. బిడ్డ పోయినంక రెండు దినాలు నాకు ఎవ్వలు చెప్పలే. పక్కింట్ల మనిషి మొహం చూసి నేనే తెలుసుకున్న. అందుకే అందరు బతికే కథ ఇంటే నాకు భయమైతది పిల్లా. ఏదో దాస్తున్నరనిపిస్తది. ఉన్నది ఉన్నట్టు చదువు.”

నాకు భయం వేసింది. అమ్మ నమ్మకంలో నాకు నమ్మకం లేదని అనుకునేదాన్ని, చదువుకున్నదాన్ని గదా. కానీ ఆ క్షణంలో నా చదువు నాకు ఏమాత్రం సాయం రాలేదు. చదివిన తరువాత ఏమైనా జరిగితే అది నా గొంతు వల్లనే జరిగిందని ఇల్లంతా అనుకుంటుంది. వారికన్నా ముందు నేను అనుకుంటాను. అయినా, ఆమె అడిగిన దానిని కాదనడానికి నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు. వాక్యం మొదటికి వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆ రచయిత చావును ఎక్కువ వ్రాయలేదు. బాణం తగిలిన తరువాత కూడా ఆమె గుర్రాన్ని ఆపలేదు. ఇసుక తిన్నె దాటింది. నీళ్ళలోకి దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని అనుకున్నది. అంతే. అక్కడి నుంచి గుర్రం ఒక్కటే నడిచింది.

చదవడం ఆపాను. వదిన కళ్ళ కొనల నుంచి నీళ్ళు, మంచం వాలుగా ఉండటం వల్ల, చెంపల మీదికి కాక జుట్టులోకి పోయాయి. కొంతసేపటి తరువాత అడిగింది.

“గుర్రం ఏమాయె?”

“అవతలి ఒడ్డుకు పోయింది.”

“మంచిది” అని కళ్ళు మూసుకున్నది. ఇంకా కొన్ని పుటలు మిగిలి ఉన్నాయి కానీ ఆమెకు నిద్ర పట్టింది. నేను వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ నిలబడి ఉన్నది, కారం డబ్బా నడుము మీద పెట్టుకుని. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టమయింది.

ఆ సాయంత్రం వదినకు నడుములో నొప్పి మొదలయింది. అన్న డాక్టరమ్మను తీసుకువచ్చాడు. ఆమె పరీక్షించి, పడుకునే భంగిమ మార్చమని చెప్పి, మందు ఇచ్చి పోయింది. నొప్పి తగ్గేదాకా నేను వంటింట్లో, పొయ్యి ముందు, చేయవలసిన పని ఏమీ లేకుండా కూర్చున్నాను. అమ్మ ఆ నవలను తీసుకుపోయి జొన్నల గుమ్మి మీద, నాకు అందనంత ఎత్తున పెట్టింది.

తరువాతి దినాలలో చదువు లేదు. వదిన గోడ వైపు తిరిగి పడుకునేది. మధ్యాహ్నాలు చాలా పొడవుగా ఉండేవి. చేట చప్పుడు ఒక్కటే వినిపించేది. అప్పుడు ఒకనాడు ఆ చప్పుడు ఆగింది. అమ్మ లేచి వెళ్ళింది. స్టూలు లాగిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి, నవల మీది జొన్న పొట్టును కొంగుతో తుడిచి, నా ఒడిలో పెట్టింది.

“ఆ పిల్లగాడు మల్ల వచ్చిండా లేదా?” అన్నది.

“ఏ పిల్లగాడమ్మా?”

“గుర్రాలు అమ్మేటోడు. వాని కోసమే గదా గంత చేసింది.” వదిన గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. అమ్మ ఆమె వైపు చూడకుండా గడప మీద కూర్చున్నది. “చదువు. సగంల ఇడిచిపెడితే అది గూడ మంచిది గాదు.”

ఆ ఆచారం అమ్మ అప్పటికప్పుడు కల్పించిందని మా ఇద్దరికీ తెలుసు. మిగిలిన పుటలు చదివాను. యువకుడు చాలా ఏళ్ళకు తిరిగి వచ్చాడు. కోట ద్వారం తెరిచే ఉన్నది; మూసేవాళ్ళు లేరు. ఎప్పుడో ఏరు దాటి తిరిగి వచ్చి, అక్కడే మేస్తూ ముసలిదైన గుర్రం అతనిని గుర్తుపట్టింది. అతను దాని డెక్క ఎత్తి చూసి, అందులో ఇరుక్కున్న రాయిని తీశాడు. కథ అక్కడ ముగిసింది. నేను చదివిన ఏ పెళ్ళి ముగింపూ ఆ గదిని అంత నిండుగా ఉంచలేదు.

నవల తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు, అది ఉండవలసిన అరలో లేదని చాచాకు చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు.

“నేను చూసిన బిడ్డా. ఆమె నవ్వుకుంటనే ఇచ్చింది. కొడుకు మెట్రిక్ పాసైండని నాకు మిఠాయి గూడ పెట్టింది.”

కొడుకు పాసైన తల్లి ఏ పుస్తకం తిరిగి ఇచ్చినా నవ్వుతూనే ఇస్తుంది. దుకాణం మెట్ల మీద నిలబడి ఆ అరను చూశాను. అందులో ఉన్నవి ఊరివాళ్ళ దినాలు. ఎవరి ఇంట్లో ఏమి జరిగిన పూట ఏ పుస్తకం తిరిగి వచ్చిందో, దానిని బట్టి అది నవ్వు అయింది, ఏడుపు అయింది. తరువాతి కాలంలో నేను పుస్తకాల గురించి పత్రికలకు అభిప్రాయాలు వ్రాసినప్పుడు, ఒకదానిని పొగిడి ఒకదానిని తెగిడినప్పుడు, ఆ పూట నా ఇంట్లో ఏమి జరిగిందో ఒకసారి తలచుకుంటాను. గత నెలలో చదివిన నవలల్లో ఒకటి నాకు నచ్చలేదు. అందులో వెన్నెల మరీ ఎక్కువ. అయితే నేను చదివిన వారమంతా నాకు పంటినొప్పి. కాబట్టి తీర్పు చెప్పడం లేదు.

తొలి వానలు పడుతున్న రోజుల్లో, అనుకున్న దానికన్నా ముందుగా, వదినకు నొప్పులు వచ్చాయి. సర్కారు దవాఖానాకు తీసుకుపోయాము. వరండాలో బల్ల మీద నేను, అమ్మ కూర్చున్నాము. అన్న వానలోకి పోయి వస్తూ ఉన్నాడు. ఆ ఉదయమంతా నా మనసు తన అలవాటు ప్రకారం చివరి పుటను వెతికింది. అది లేని చోట ఎలా కూర్చోవాలో నాకు తెలియలేదు.

ఆడపిల్ల పుట్టింది. చాలా చిన్నది. ఒకసారి ఏడ్చి ఆగింది. నర్సులు ఆమెను వేరే గదికి, వేడి నీళ్ళ సీసాల మధ్యకు తీసుకుపోయారు. వదినను మంచం మీదికి చేర్చిన తరువాత అమ్మ ఆమె నుదురు తుడిచి, “ఏం గాదు బిడ్డా” అన్నది. అన్న కూడా అదే మాట అన్నాడు. వదిన ఇద్దరి వైపూ చూడలేదు. నా వైపు చేయి చాచింది.

“నువ్వు పోయి చూసి రా. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

పోయి చూశాను. తిరిగి వచ్చి చెప్పాను. అరచేయి మీద పట్టేటంత ఉన్నదని చెప్పాను. గోళ్ళు నీలంగా ఉన్నాయని చెప్పాను. పిడికిళ్ళు బిగించి ఉన్నదనీ, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల దగ్గర లోతు పడుతున్నదనీ, నర్సు ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నదనీ చెప్పాను. అమ్మ నా మోచేయి గిల్లింది. నేను ఆగలేదు. వదిన కళ్ళార్పకుండా విని, తల ఊపింది.

“సరే. మల్ల పోయి చూడు.”

ఆ రెండు గదుల మధ్య, తడిసిన వరండాలో, నేను అలా తిరుగుతూనే ఉన్నాను. చూసినది ఒక్కొక్క మాటగా తెచ్చి ఆమెకు అప్పగించాను. గోళ్ళ రంగు మారిందని చెప్పాను. మళ్ళీ నీలమైందని కూడా చెప్పాను. ఏడ్చిందని చెప్పాను. దూదితో పాలు పెదవికి తాకిస్తే మింగలేదని చెప్పాను. ఆమె ప్రతిదీ వింటూ, కదలకుండా, ఎన్నో నెలలు నేర్చుకున్న ఆ ఓపికతో పడుకుని ఉన్నది. మా ఇంట్లో ఎవరూ ఆమెకు అంతవరకూ అంత చెడ్డ వార్తలు చెప్పి ఉండరు. ఆమె అంత నిబ్బరంగా ఉండటం కూడా నేను అంతవరకూ చూడలేదు.

మరునాటి పొద్దున వాన వెలిసింది. ఆ గదిలోకి పోయి, తలుపు దగ్గరే నిలబడిపోయాను. నర్సు ఉగ్గుగిన్నె పట్టుకుని వంగి ఉన్నది. పిల్ల గొంతు దగ్గర చిన్న కదలిక. ఆగి, మళ్ళీ కదలిక. తప్పుగా చూశానేమోనని దగ్గరకు పోయి, ఇంకొక గుటక పడేదాకా ఉండి, అప్పుడు వచ్చాను.

“తాగుతాంది వదినె” అన్నాను. “శానసేపు తీస్కుంటాంది, సగం బయటికే పోతాంది. కాని మింగుతాంది.”

వదిన నా చేయి గట్టిగా పట్టుకున్నది.

“లేపు నన్ను” అన్నది. “ఇగ నేనే చూస్త.”